మొదటి సగం అక్క దగ్గరుంది

మా ఇంట్లో ఉన్న నవలల్లో సగానికి పైగా నడుము దగ్గర కుట్లు పడి ఉంటాయి. చూసినవాళ్లు ఎలుకలు కొట్టాయేమో అనుకుంటారు. ఎలుకలు కాదు, నేనే. వెన్ను మీద బ్లేడు పెట్టి గీసి, పుస్తకాన్ని మధ్యకు రెండు ముక్కలు చేసేదాన్ని. ముందు ముక్క నాకు, వెనక ముక్క మా ఎదురింటి అక్కకు. ఇద్దరం చదవడం అయ్యాక దబ్బనంతో, గోనెసంచులు కుట్టే దారంతో మళ్లీ కలిపి కుట్టి, పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసేదాన్ని. పుస్తకాన్ని చింపడం పాపమని ఉపన్యాసం మొదలుపెట్టబోయే వాళ్లకు ముందే చెబుతున్నాను: అద్దాల బీరువాలో పెట్టి, తాళం వేసి, చదవకుండా చూపించుకోవడం కంటే చింపి చదవడం మేలు. ఈ విషయంలో నాతో వాదించి గెలిచినవాళ్లు నారాయణఖేడ్‌లో ఇంకా లేరు.

మొదటిసారి కావాలని చేసింది కాదు. బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్, స్టేషనరీ దుకాణం ఉంది. సరుకు కోసం హైదరాబాద్ పోయినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద పాత నవలలు ఏరుకొచ్చుకునేదాన్ని. ఒకసారి తెచ్చిన లావుపాటి నవల బస్సు కుదుపులకు జిగురు ఊడి నా ఒళ్లోనే రెండుగా విరిగింది. ఇంటికొచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. నేను చెప్పులు విడవక ముందే చేయి చాపింది.

"సగం ఇయ్యి."

"వెనక సగమా? ముందేం జరిగిందో తెలువకుండ ఏం సదువుతవే అక్కా?"

"నువ్వు పెండ్లయి గీ వాడకొచ్చినప్పుడు నీ ముందు కథ మాకెవరికన్న తెలుసా? మెల్లమెల్లగ తెలుసుకోలేదా? గట్లనే."

వాదించి ఓడే బదులు ఆ ముక్క ఆమె చేతిలో పెట్టేశాను.

అప్పటినుంచి అదే పద్ధతి. పుస్తకం తెచ్చేది నేను కాబట్టి ముందు సగం నాది, వెనక సగం ఆమెది. తర్వాత మార్చుకునేవాళ్లం. మాకొక్కటే కట్టుబాటు: ముగింపు ముందే తెలిసిన అక్క నాకు దాన్ని చెప్పకూడదు. బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టు పెట్టించాను. ఆమె చెప్పలేదు గానీ, నేను మెచ్చుకున్న మనిషి పేరెత్తినప్పుడల్లా ముక్కుతో ఒక చప్పుడు చేసేది. ఆ చప్పుడు వింటే చాలు, వాడు వెనక సగంలో ఏదో వెధవపని చేయబోతున్నాడని నాకు అర్థమైపోయేది.

ఇందులో నేను అనుకోని సంగతి ఒకటి బయటపడింది. కథలోని ఒకే ఆడమనిషి మా ఇద్దరికీ ఇద్దరుగా కనిపించేది. నాకు ఆమె చిన్నప్పటినుంచి తెలుసు. తిన్న దెబ్బలు తెలుసు. అక్కకు ఆమె నడివయసులో, గట్టిపడిన నోటితో, కోడలిని కసురుతూ ఎదురయ్యేది. నేను పాపం అనేదాన్ని. అక్క రాక్షసి అనేది. సగాలు మార్చుకున్నాక కూడా ఎవరి మాట వాళ్లదే. ముందు ఎవరిని ఎలా చూశామో ఆ చూపు పోదు కదా.

ఒకసారి బోరంచ గుడికి షేర్ ఆటోలో పోతూ ఇలాగే ఒక కోడలి గురించి కొట్లాడుకున్నాం. ఆమె మొగుణ్ణి వదిలి వచ్చేసింది. తప్పా, కాదా? మా గొంతులు ఇంజను చప్పుడును మించిపోయాయి. మా ఎదురుగా మనూరు వైపు నుంచి వచ్చిన ఒక ముసలామె కొబ్బరికాయల సంచి ఒళ్లో పెట్టుకుని అంతా వింది. చివరికి ఉండబట్టలేక అడిగింది.

"గా పిల్ల తల్లిగారిల్లు ఏ ఊరు బిడ్డా?"

అక్క నవ్వు ఆపుకుంటూ, "దూరమే అవ్వా," అన్నది.

"దూరమైతే ఏంది? పెద్దమనుషులను కూసోబెట్టి మాట్లాడొద్దా?"

ఆటో నడిపే అతను వెనక్కి తిరక్కుండానే తీర్పు చెప్పాడు. "పెద్దమనుషులేం జేస్తరు అవ్వా, వాడు తాగుబోతని గీ చిన్నక్క చెప్తనే ఉన్నది గదా! ఆ పిల్ల మంచి పనే జేసింది."

"తాగుబోతని నువ్వు చూసినవా?" అని అక్క అతని మీద పడింది. గుడి వచ్చేదాకా మేం నలుగురం కొట్లాడుకున్నాం. దిగేటప్పుడు ఆ ముసలామె ఆ పిల్ల పేరున కూడా ఒక కాయ కొడతానంది. అది కథలో పిల్ల అని చెప్పడానికి మా ఇద్దరికీ నోరు రాలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అక్క చదవడం మానేసింది.

ఎప్పుడు మానేసిందో నాకు తెలియలేదు. నన్ను భయపెట్టేది అదే. పోట్లాడి మానేస్తే నాకు తెలిసేది. మొదట ఒక సగం చాలా రోజులు ఆమె దగ్గరే ఉండిపోయింది. అడిగితే "పండుగ పని" అన్నది. తర్వాత కండ్లు గుంజుతున్నాయన్నది. అద్దాలు వేయించుకుంది. ఆ అద్దాలు పెట్టుకుని చూస్తున్నది మాత్రం ఫోను. ఒకనాడు పోయేసరికి ముందర మిరపకాయలు పోసుకుని తొడిమెలు తీస్తోంది. గోడకు ఆనించిన ఫోనులో ఎవడో పరుగు పరుగున ఏదో నవల కథ చెప్పేస్తున్నాడు.

"గిదేందే అక్కా?"

"పది నిమిషాలల్ల బుక్కు మొత్తం చెప్తుండు. చేతుల పని చేతులల్ల ఉంటది, కథ కథ ఐతది. నువ్వు కూడ విను, కూసో."

"గది కథ కాదు, శవ పంచనామా. ఎవరు సచ్చిండ్రు, ఎట్ల సచ్చిండ్రు, ఐపోయె."

"సుమ్నె ఉండే!" అన్నది. ఆమె పుట్టిల్లు కర్ణాటక సరిహద్దులో. నా నోరు మూయించాలంటే కన్నడం వస్తుంది. "నీకు దుకాణంల గిరాకి లేక సదువుతున్నవు. నాకు లక్ష పనులున్నయి."

నాకు గిరాకి లేదన్న మాట అబద్ధం. మా దుకాణంలో కాగితానికి కరువు లేదు. పొద్దున్నుంచి పరీక్షల గైడ్లు, పాత ప్రశ్నపత్రాలు, నోట్సుల కట్టలు జిరాక్స్ కొట్టీకొట్టీ యంత్రం కాలిపోతుంది. ఊరంతా చదువుతోంది. సిర్గాపూర్ నుంచి వచ్చే ఒకమ్మాయి ఉద్యోగ పరీక్షలకు సిద్ధమవుతోంది. మొన్న నా గల్లాపెట్టె పక్కన బోర్లా పెట్టిన నవల చూసి, తీసి, అటూ ఇటూ తిప్పి, చాలా మర్యాదగా అడిగింది.

"మేడం, ఇది ఏ పరీక్షకు వస్తది?"

"ఏ పరీక్షకూ రాదు. అందుకే చదువుతున్నా."

పాపం ఆ పిల్ల నాకేదో జబ్బు చేసినట్టు చూసి, చిల్లర తీసుకుని పోయింది. ఆ పిల్లను నేను తప్పుపట్టను. దానికి ఉద్యోగం రావాలి. లేకపోతే వాళ్ల వాళ్లలాగే హైదరాబాద్‌లో ఇటుకలు మోయాలి. కానీ అక్కకు ఏ పరీక్ష ఉంది? ఆమెకేం తొందర? పొలం కౌలుకు ఇచ్చారు, పిల్లల పెళ్లిళ్లయ్యాయి. ఉన్న టైమంతా ఆమెదే. ఆ టైమును ఫోను గీసి గీసి పారబోస్తోంది. నాకు కడుపు మండింది. మండిన కడుపు వెనక భయం ఉందని ఒప్పుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. చదివాక పోట్లాడటానికి ఎవరూ లేకపోతే నేనెన్నాళ్లు చదువుతాను? ఈ వాడలో, ఈ బస్టాండులో, నాకు తెలిసినంతమేర, నేను మెచ్చుకున్న మనిషిని రాక్షసి అనగలిగేది ఆమె ఒక్కతే.

అందుకని ఒక ఎత్తు వేశాను. ఈసారి పాత పుస్తకం కాదు, కొత్త నవల కొన్నాను. కొత్త పుస్తకం వెన్ను మీద బ్లేడు పెట్టే ముందు మాత్రం ఒకసారి వాసన చూసుకున్నాను. మొట్టమొదటిసారి ముందు సగం అక్కకు ఇచ్చాను. మొదలు పట్టుకుంటే మనిషి మిగతాదాని కోసం తానే పరిగెత్తుకొస్తుందని నా లెక్క.

"నాకు ముందుదా? ఏంది, గింత ప్రేమ పొంగుతున్నది?" అన్నది అనుమానంగా. తీసుకుని ఫ్రిజ్ మీద పెట్టింది.

ఇక నా ఎదురుచూపు మొదలైంది. పొద్దున దుకాణం తెరవడానికి పోతూ వాళ్ల కిటికీలోంచి ఫ్రిజ్ వైపు చూసేదాన్ని. పుస్తకం అక్కడే ఉండేది. దాని మీద ఒకనాడు కొత్తిమీర కట్ట, ఇంకొకనాడు కరెంటు బిల్లు. చదివావా అని అడగకూడదని పంతం పట్టాను. అడిగితే హోంవర్క్ అయిపోతుంది. అడగకుండా ఉండటం ఎంత కష్టమో నాలాంటి నోరున్న వాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో మా ఆయన మీద అరిచాను. దుకాణంలో రెండు వైపులా కొట్టాల్సిన జిరాక్స్ ఒక వైపే కొట్టి తిట్లు తిన్నాను.

ఊరికే కూర్చోలేక నా దగ్గరున్న వెనక సగం తెరిచాను. ఇన్నేళ్లలో నేను కథను నడిమధ్యలో మొదలుపెట్టడం అదే మొదలు. ఎవరెవరో మాట్లాడుకుంటున్నారు. ఎవరికి ఎవరేమవుతారో తెలియదు. ఒక పేజీ కాగానే నా చేయి ఫోను మీదికి పోయింది. అది మోగలేదు, ఎవరూ పిలవలేదు. చేయి దానంతటదే పోయింది. వెనక్కి తీసుకున్నాను. ఇంకో పేజీ తిప్పాను, మళ్లీ పోయింది. అక్కను పట్టిన జబ్బు గడప దాటి మా ఇంటికీ వచ్చేసిందా? ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టి వచ్చాను.

ఆ తర్వాత మెల్లగా అడుగు పడింది. కథలో ఒక చెల్లెలు ఉంది. అన్న మంచాన పడి ఉన్నాడు. చెల్లెలు రోజూ అతనికి జావ కాచి తెస్తుంది గానీ ఆ ఇంటి గడప తొక్కదు. వాకిట్లో నిలబడి గిన్నె ఇచ్చి, ఖాళీ గిన్నె తీసుకుని పోతుంది. ఎందుకు? ఎప్పుడో చిన్నప్పుడు ఆమె పెంచిన దూడను అన్న అమ్మేశాడని ఒక మాట వస్తుంది, అంతే. నాకు ఒళ్లు మండింది. దూడ కోసం, చావబోతున్న అన్న ముఖం చూడదా? ఏం ఆడది! రాక్షసి!

ఆ మాట నా నోట్లోంచి పైకే వచ్చింది. అది అక్క మాట.

ఇక పంతం నిలవలేదు. సాయంత్రం దుకాణం మా ఆయనకు అప్పగించి నేరుగా ఎదురింటికి పోయాను. అక్క మంచం మీద ఒరిగి ఫోను చూస్తోంది.

"నువ్వు సదివితే సదువు, లేకుంటే లేదు," అన్నాను. "నాకు ఒక్క ముచ్చట తెలువాలె. గా దూడను అన్న ఎందుకు అమ్మిండు? నీ దాంట్ల ఉన్నది."

"ఏ దూడ?"

అక్కడే నా ప్రాణం సగం పోయింది. ఒక్క పేజీ కూడా తిప్పలేదన్నమాట.

"ఇంత పరేషాన్ ఎందుకే? చివరకేమైతదో నువ్వే చెప్పు. ఇద్దరికీ ఐపోతది," అన్నది, ఫోను మీంచి కన్నెత్తకుండా.

ముందు సగంలో ఏముందో నేను పొరపాటున అంటానేమోనని ఒకప్పుడు చెవుల్లో వేళ్లు పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తిన మనిషేనా ఈమె! ఫ్రిజ్ మీది సగం తీసి, దాని మీది కొత్తిమీర ఆకులు దులిపి, ఆమె ఒళ్లో పెట్టాను. "జెర చూసి పెట్టు అక్కా, నాకు నిద్ర వస్తలేదు," అని మాత్రం అన్నాను. అది ఎత్తు కాదు. నిజంగానే నాకు ఆ దూడ సంగతి కావాలి.

నా ముఖంలో ఏం చూసిందో, అద్దాలు సర్దుకుంది. "ఎక్కడుంటది గది?" అంటూ గబగబా పేజీలు తిప్పింది. దొరకలేదు. మళ్లీ మొదటికొచ్చి తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. ఆమె పెదాలు కదలడం మొదలైంది. పక్కన ఫోను మోగింది. తీసి చూసి, మళ్లీ పెట్టింది. నేను లేచి వచ్చేశాను. నా ఊపిరి చప్పుడుకు కూడా ఆమె తలెత్తుతుందేమోనని భయమేసింది.

మర్నాడు పొద్దున దుకాణం షట్టరు ఇంకా సగంలోనే ఉంది, అక్క వచ్చింది. నడకలోనే కోపం తెలుస్తోంది.

"గా చెల్లెను నువ్వేమనుకుంటున్నవు?"

"ఏమనుకుంట? దూడ కోసం మంచాన పడ్డ అన్న ఇల్లు తొక్కదు, వాకిట్లనే నిలవడి జావ గిన్నె ఇచ్చి పోతది, గుండె లేని ఆడది."

"దూడ కోసం కాదే తిక్కదానా! దూడను అమ్మితే అమ్మిండు, ఇంట్ల గింజలు లేవు. అమ్మొచ్చి, ఏమీ కానట్టు కూసోని అన్నం పెట్టుమన్నడు. గా పిల్లనే! గా పిల్ల చేతనే పెట్టించుకుండు. ఒక్క మాట అడగలే, చెప్పలే. నేనైతే గిన్నె కూడ ఇయ్యకపోదును."

"పెద్దోడు. ఇల్లు గడవాలె. పసిపిల్లను అడిగి అమ్ముతడా?"

"ఎందుకడగడు?"

జిరాక్స్ కోసం వచ్చిన సిర్గాపూర్ అమ్మాయి కాగితాలు పట్టుకుని మమ్మల్ని మార్చి మార్చి చూస్తోంది. మేమేదో ఇంటి తగాదాలో ఉన్నామనుకుంది కాబోలు, కొంచెం దూరం జరిగి నిలబడింది. మా గొంతులు ఇంకా పెరిగాయి. ఎన్నాళ్లయిందో అలా అరిచి.

చివరికి ఆపుకోలేక అడిగాను. "తర్వాత? గా పిల్ల పెద్దగైనంక?"

అక్క చల్లబడింది. "గంత దాకనే సదివిన. కండ్లు గుంజినయి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "చూస్త తియ్యి. పనులున్నయి."

చదువుతానని చెప్పలేదు, మానేస్తానని కూడా అనలేదు. వెనక సగం ఇమ్మని అడగలేదు. అది గల్లాపెట్టె కింద ఆమె మోకాలికి తగిలేంత దగ్గర్లోనే ఉంది. నేను చూపించలేదు. రోడ్డు దాటుతూ ఆమె జాకెట్లోంచి ఫోను తీసింది. ఎవరికైనా ఫోను చేయడానికా, ఆ పది నిమిషాలవాణ్ణి వినడానికా, నాకు ఇక్కడినుంచి కనిపించలేదు.

వారం దాటింది. ఇప్పుడు ఫ్రిజ్ మీద పుస్తకం లేదు. మంచం మీద ఉందో, అటక మీదికి పోయిందో కిటికీలోంచి తెలియదు. దబ్బనానికి దారం ఎక్కించి సొరుగులో పెట్టుకున్నాను. సొరుగు తీసినప్పుడల్లా అది వేలికి గుచ్చుకుంటోంది.