కుళాయి చూసి ఎంచిన హాస్టల్

పొద్దున షాపు షట్టరు ఎత్తినప్పటి నుంచి రాత్రి దించేదాకా ఆయన కుళాయిలు తిప్పుతూనే ఉంటాడు. ఒక్కదాంట్లోంచీ నీళ్ళు రావు. రాకూడదు కూడా. ఆయన సేల్స్‌మన్‌గా ఉన్న ఆ బాత్రూం సామాన్ల షాపులో కుళాయిలన్నీ గోడకు కొట్టిన చెక్క మీద వరసగా బిగించి ఉంటాయి. వాటి వెనక పైపు లేదు. పైపే లేనప్పుడు ట్యాంకు ప్రసక్తి ఎక్కడిది?

"పట్టుకుని చూడండి మేడమ్. బరువు చూడండి. ఇత్తడి. ఇప్పుడు తిప్పండి. వెన్నలా లేదూ?" అంటాడు. మేడమ్ తిప్పుతుంది. నిజంగానే వెన్నలా ఉంటుంది. బిల్లు కట్టి వెళ్ళిపోతుంది. ఇంట్లో బిగించుకున్నాక ఏమైందన్నది ఆమెకూ ప్లంబరుకూ మధ్య వ్యవహారం.

ఈ పనిలో తల నెరిసిన మనిషి కనక ఆయనకు కుళాయిల మీద గట్టి అభిప్రాయాలున్నాయి. చుట్టాలింటికి వెళితే మంచినీళ్ళు కూడా తాగకుండా ముందు బాత్రూంలోకి దూరతాడు. అవసరం ఉండి కాదు. బయటికొచ్చి ఆ ఇంటాయన గుణగణాలు చెబుతాడు. "బావగారు పైకి కనిపించినంత మనిషి కాదు. లోపలంతా ప్లాస్టిక్కే" అని భార్య చెవిలో తేల్చేస్తాడు. చుట్టాల పిల్లలు ఆయనకు ట్యాపుల మావయ్య అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదు అనుకుంటున్నాడు.

ట్యాపుల మావయ్యకు ఒక్కతే కూతురు. ఆమెకు వేరే ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీలో సీటొచ్చింది. హాస్టల్లో రెండు బ్లాకులు. పాత బ్లాకులో వరండా చివర అందరికీ కలిపి బాత్రూములు. తలుపులు తడికి ఉబ్బి, గట్టిగా లాగితే గానీ మూసుకోవు. కుళాయిలు తాతల నాటివి, ఒకదానికి పిడి ఊడిపోతే గుడ్డపీలిక కట్టారు. కొత్త బ్లాకులో రెండు గదుల మధ్య ఒక బాత్రూం. టైల్సు, అద్దం, షవరు, మిలమిలలాడే కుళాయిలు. ఏ బ్లాకు కావాలో చేరేరోజే చెప్పాలి. తరవాత మార్చరు.

పాత బ్లాకు బాత్రూంలోకి ఆయన తల మాత్రం పెట్టి చూసి తీసేశాడు. కొత్త బ్లాకులో పై అంతస్తు గదికి వెళ్ళాక ఆయన మొహం వికసించింది. జేబురుమాలుతో చెయ్యి తుడుచుకుని కుళాయి పట్టుకున్నాడు. పిడి పైకెత్తాడు, దించాడు, కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. గోటితో మీటి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు.

"నాన్నా, నీళ్ళు రావట్లేదు" అంది కూతురు.

"అవొస్తాయిలేవే. ముందీ తిరుగుడు చూడు."

నీళ్ళ కోసం కుళాయి తిప్పే అలవాటు ఆయనకు ఎప్పుడో తప్పింది. తిప్పినప్పుడు ఏమీ రాకపోవడమే ఆయన లెక్కలో కుళాయి సవ్యంగా పనిచేయడం.

అంతటితో ఆగితే అది ఒక ఇంటి కథ. ఆయన ఆగలేదు. అదే అంతస్తు గదులు చూడటానికొచ్చిన మిగతా తల్లిదండ్రులు వరండాలో తటపటాయిస్తుంటే, షాపులో కౌంటరు వెనక నిలబడ్డట్టే వాష్‌బేసిన్ పక్కన నిలబడి అందరికీ ఉపన్యాసం ఇచ్చాడు. పక్క గది పిల్ల తల్లి బట్టలు కుట్టే ఆవిడ. కొలతలు తీసుకునే కళ్ళతో గది నాలుగు మూలలూ చూసి, "మీరేమంటారు అన్నయ్యగారూ? పాతదైతే నలుగురూ తిరిగేది గదా, ఏ ఇబ్బందొచ్చినా తెలుస్తుంది" అంది.

"చెల్లెమ్మా, ఇరవై ఏళ్ళుగా ఇదే పని నాది. కళ్ళు మూసుకుని చేర్పించెయ్యి" అన్నాడు.

ఆవిడ చేర్పించింది. ఆవిణ్ణి చూసి ఇంకొందరు. వెళ్ళేటప్పుడు ఆయన వార్డెన్ గదికి వెళ్ళి మరీ అభినందించాడు. వార్డెన్ పొంగిపోయింది. హాస్టల్ని ఒక పేరెంటు మెచ్చుకోవడం ఆవిడ ఉద్యోగంలో అదే మొదలు.

క్లాసులు మొదలయ్యాక తెలిసిందేమిటంటే, ఆ అంతస్తు సరిగ్గా ట్యాంకు కిందే ఉంది. నీళ్ళకు కిందికి దూకే ఎత్తు లేదు. పొద్దున కింది అంతస్తులవాళ్ళు తిప్పితే పైన గాలి ఈల వేస్తుంది. అందరూ స్నానాలు చేసి క్లాసులకు పోయాక మాత్రం షవరు దానంతటదే, ఎవరూ లేని గదిలో, చక్కగా కురుస్తుంది. పైన పటారం లోన లొటారం అంటారే, దానికి క్రోమియం పూత కూడా వేశారన్నమాట.

కనక పై అంతస్తు పిల్లలు పొద్దున్నే బకెట్లు పట్టుకుని పాత బ్లాకుకు వలస పోతారు. అక్కడ బకెట్లదే రాజ్యం. వరండాలో మనుషులు నిలబడరు, బకెట్లు నిలబడతాయి. లోపల మగ్గున్న బకెట్ అంటే మనిషి ఉన్నట్టు. మగ్గు లేకపోతే ఆ బకెట్ అనాథ, ఎవరైనా వెనక్కి తోసెయ్యొచ్చు. పాత బ్లాకు బకెట్లన్నీ అయ్యాకే బయటివాళ్ళవి. ఈ రాజ్యాంగాన్ని అమలు చేసేది సెకండియర్ పిల్ల ఒకతె. నోట్లో బ్రష్షుతో, చేతులూపుతూ నడిపిస్తుంది గనక అందరూ ట్రాఫిక్ అక్క అంటారు.

"ఎవర్దే ఈ ఎర్ర బకెట్? మగ్గేదీ?"

"నాదే అక్కా. పైన మర్చిపోయా."

"మగ్గు లేంది బకెట్టే కాదు. వెనక్కి జరుపు."

"అక్కా ప్లీజ్, ఫస్ట్ అవరు ల్యాబుంది."

"మాకేమన్నా సెలవా? అయినా నీకు అటాచ్డ్ ఉందిగా తల్లీ, మా గుడిసెలకొచ్చావేంటి? ఓహో, నువ్వేనా ఆ ట్యాపులాయన కూతురివి! మీ నాన్నని అడగరాదూ, రెండు చుక్కలు పంపిస్తారేమో."

వరండా అంతా నవ్వింది. లోపల స్నానం చేస్తున్నవాళ్ళు కూడా మగ్గు ఆపి నవ్వారు. నవ్వాక ఆలస్యం ఇంకాస్త పెరిగింది.

ల్యాబు మాస్టారు గంట కొట్టగానే తలుపేస్తాడు. బయట ఉన్నవాళ్ళు బయటే. ట్యాపులాయన కూతురు జుట్టు కొసల నుంచి నీళ్ళు కారుతుండగా పరిగెత్తుకెళ్ళి, మూసిన తలుపు అప్పటికే చాలాసార్లు చూసింది. ఇలాగే ఉంటే పరీక్షకు కూర్చోనివ్వనని ఆయన చెప్పేశాడు. స్నానం మానేసి వెళితే పక్కన కూర్చున్నవాళ్ళు మొహం తిప్పుకుంటున్నారు. మొదటేడు పిల్లకు రెండూ పరీక్షలే.

ఇంటికి ఫోను చేస్తే తల్లి, "మీ నాన్నతో అనకే, అసలే పౌరుషం మనిషి" అంది. అయినా ఫోను పెట్టేలోగా ఆయనే లాక్కున్నాడు.

"కుళాయి ముందు చిన్న జల్లెడుంటుంది తల్లీ. చెత్త పట్టుంటుంది. విప్పి కడుగు."

"కడగడానికి నీళ్ళేవి నాన్నా?"

"ఆదివారం నేనొస్తాలే" అన్నాడు ఆయన.

అదే వారంలో పాత బ్లాకులో ఒక మంచం ఖాళీ అయింది. అందులో ఉన్న పిల్ల తన పెద్దమ్మ ఇంట్లో ఉండటానికి వెళ్ళిపోయింది. మార్చరన్న నియమాన్ని వార్డెన్ కొంచెం సడలించింది. పేరెంట్సే స్వయంగా వచ్చి సరైన కారణం చెబితే ఆ మంచం ఇస్తానంది. కూతురు ఆ రాత్రంతా పాత బ్లాకు మంచం మీదే పడుకున్నట్టు కలగంది. ఉబ్బిన తలుపులు, గుడ్డపీలిక కుళాయి, ముందు వరసలో తన బకెట్. ఇంతకన్నా వైభవం ఆమెకు తోచలేదు.

ఆదివారం ఆయన వచ్చాడు. చేతిలో పానా, సంచిలో షాపు నుంచి తెచ్చిన కొత్త కుళాయి. కారణం చెప్పి మంచం అడగమని కూతురు మొత్తుకుంటున్నా వినకుండా ముందు బాత్రూంలోకి వెళ్ళి, మంచి కుళాయి ఊడబెరికి ఇంకా మంచి కుళాయి బిగించాడు. చెమట తుడుచుకుని తిప్పాడు. ఈల వినిపించింది.

"చూశావా, ఎంత నున్నగా తిరుగుతుందో" అన్నాడు. గొంతులో మునుపటి బలం లేదు.

"నాన్నా, వార్డెన్ మేడమ్ దగ్గరికి పద. నువ్వు నీళ్ళు చూళ్ళేదని చెప్పు. అంతే చాలు."

"అదేం మాట? నేను ఇలా అన్నానని షాపులో తెలిస్తే?"

"ల్యాబులోకి రానివ్వట్లేదు నాన్నా."

ఆయన పానా సంచిలో పెట్టుకుని వెనకే నడిచాడు.

వార్డెన్ గదిలో అప్పటికే కుట్టుపని ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ కూతురు వెనక నిలబడింది. మంచం కోసమే వచ్చారు.

"నీళ్ళు రావట్లేదు మేడమ్. ఇంతకు మించి కారణమేం కావాలి?" అంటోంది ఆవిడ.

"రాకపోవడమేంటమ్మా? ట్యాపుల లైన్లో ఇరవై ఏళ్ళున్న పేరెంటు స్వయంగా చూసి సర్టిఫై చేశారు. పిల్లలు సరిగ్గా తిప్పట్లేదేమో" అంటోంది వార్డెన్. ఇంతలో గుమ్మంలో ఆయన్ని చూసి లేచి నిలబడింది. "అరె, మీరే వచ్చారా సర్! రండి రండి. నూరేళ్ళాయుష్షు. మీరే చెప్పండి వీళ్ళకి."

టైలరమ్మ కుర్చీ తిప్పి కూర్చుంది. "ఆ, చెప్పండి అన్నయ్యగారూ."

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు నేల వైపు చూసింది.

"కుళాయి మంచిదే మేడమ్" అన్నాడు.

"అదీ! విన్నారా?"

"కుళాయి మంచిదే. నీళ్ళు... నేను నీళ్ళు చూళ్ళేదు."

"అంటే?"

"తిప్పాను. రాలేదు. రాలేదన్న సంగతి తోచలేదు. మా షాపులో రావు."

టైలరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"అయ్యో అన్నయ్యగారూ! గుడ్డ ఊసే లేకుండా కత్తెర చూసి జాకెట్టు భలే కుదిరిందన్నట్టుంది. మీ మాట నమ్మి నా పిల్లని మూడంతస్తులు ఎక్కిస్తున్నానే రోజూ, బకెట్ పట్టుకుని!"

ఆయన జీవితంలో ఒక కుళాయి గురించి తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. అది ఎంత కష్టమో ఆయన చెవుల రంగు చెప్పింది. కూతురికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇక మిగిలింది మంచం అడగడమే.

తన సాక్షి తన మొహం మీదే తిరగబడటంతో వార్డెన్‌కు కోపమొచ్చింది. ఆ కోపాన్ని మర్యాదలో చుట్టి ఆయనకే అందించింది.

"సరే సర్. కారణం ఇద్దరిదీ ఒకటే, మంచమూ ఒకటే. ఎవరికివ్వమంటారు? మీరే చెప్పండి. మీ మాట మీదేగా అందరూ చేరింది."

ఎదురుగా కౌంటరు లాంటి బల్ల. బల్ల ముందు ఒకపక్క టైలరమ్మ, ఒకపక్క తన కూతురు. ఒకే సరుకు. ఇలాంటప్పుడు ఏమనాలో ఆయన నాలుకకు బాగా తెలుసు. మనసు కలగజేసుకునేలోపే అనేసింది.

"ముందు ఈ మేడమ్‌ది చూడండి."

వార్డెన్ చూసింది. టైలరమ్మ వెంటనే లేచి, ఆయన మనసు మారేలోగా, "పెద్దమనసు అన్నయ్యగారూ మీది. ఊరికే అన్నయ్యా అన్నానా నేను! పదవే, సామాన్లు సర్దుకో" అంటూ కూతుర్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది.

బయట మెట్ల మీదికి రాగానే కూతురు ఆగింది.

"నిజం చెప్పమన్నాను నాన్నా. మంచం దానం చెయ్యమన్నానా?"

"నోటికొచ్చేసింది తల్లీ."

"రోజూ ఇంతేనా షాపులో?"

"ఆడవాళ్ళని నిలబెడితే ఓనరు ఊరుకోడు."

"నేనెవర్ని మరి?"

ఆయన బస్సుకు టైమవుతోందన్నాడు. కొత్త కుళాయి ఉంచేసుకోమన్నాడు, గ్యారంటీ కూడా ఉందన్నాడు. ఊడదీసిన పాత కుళాయి సంచిలో వేసుకుని, అది షాపులో ఎక్కడ బిగిస్తే బాగుంటుందో ఆలోచిస్తూ వెళ్ళిపోయాడు. ఈ మంచం సంగతి ఇంట్లో భార్యకు చెప్పేటప్పుడు, పోటీకొచ్చిన ఒక తల్లికి సాయం చేశానన్నాడు. ఆవిడ పూర్తిగా నమ్మలేదు గానీ, కూతురికి ఫోను చేసి మాత్రం, "మీ నాన్న ఎప్పుడూ అంతేనే, చెయ్యి పెద్దది" అంది.

సోమవారం పొద్దున పాత బ్లాకు వరండాలో టైలరమ్మ కూతురి బకెట్ ముందు వరసలోకి మారింది. నిన్నటిదాకా ఇద్దరూ పక్కపక్కనే మెట్లు దిగినవాళ్ళు. ట్రాఫిక్ అక్క చెయ్యూపగానే ఆ పిల్ల తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళుతూ వెళుతూ ఆగింది.

"అంకుల్‌కి థాంక్స్ చెప్పవే" అని తలుపు గట్టిగా లాగి గడియ పెట్టుకుంది.

ల్యాబు మొదటి గంట కొట్టారు. ట్యాపులాయన కూతురి ముందు ఇంకా తొమ్మిది బకెట్లున్నాయి.