అణియం చెక్క

పడవలో కోపం దాచుకోవడానికి చోటుండదు. ఇంట్లో బోలెడంత ఉంటుంది. రెండింటిలోనూ బతికినదాన్ని కనుక చెబుతున్నాను, నాకు పగ పట్టడం నేర్పింది ఇల్లే.

నేను పుట్టింది గూటి పడవలో. మా వాళ్ళది ధవళేశ్వరం దిగువ. చేపల కోసం గోదావరికి ఎదురెక్కి, కూనవరం దగ్గర శబరిలోకి మళ్ళి, కొంటా దాకా వచ్చేవారు. పడవ వెనక కొసన పొయ్యి, మధ్యలో వెదురు తడికల గూడు, ముందు వలలు. ఆ గూట్లోనే అమ్మా నాన్నా నేనూ పడుకునేవాళ్ళం. లోపలికి ఎవరు వెళ్ళాలన్నా నడుం దాకా వంగాల్సిందే. ఒకసారి చేపలు కొనడానికి వచ్చిన ఫారెస్టు ఆఫీసరు కూడా వాన పడితే టోపీ తీసి పాక్కుంటూ లోపలికి వచ్చాడు. నాన్న అప్పుడు భలే నవ్వుకున్నాడు.

నాన్నకి ఒక నియమం ఉండేది. పడవలో ఇద్దరికి మాటా మాటా వస్తే, కోపం ఉన్న మనిషి దిగిపోవాలి. తప్పు ఎవరిదన్న విచారణ లేదు. కోపంగా ఉన్నవాళ్ళు తెడ్డు సరిగా వేయరు, చూసుకోకుండా ఒక పక్కకే కూర్చుంటారు, నీళ్ళకి వాళ్ళ న్యాయం అన్యాయం తెలియదు. అంతే లెక్క. ఎండు చేపల పులుసు దగ్గర గొడవై అమ్మ ఒకసారి ఇసుక తిప్ప మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. నాన్న పక్కనే లంగరేసి వల కుట్టుకున్నాడు, పిలవలేదు. సాయంత్రం అమ్మే లేచి చీర దులుపుకుని, కాళ్ళు కడుక్కుని ఎక్కింది. ఆ గొడవ మళ్ళీ మా పడవలో వినపడలేదు.

పడవ ముందు కొసను మేం అణియం అంటాం. దాని మీద ఒక మందపాటి టేకు చెక్క ఉంటుంది. అమ్మ ప్రతి శుక్రవారం దానికి పసుపు రాసి రెండు బొట్లు పెట్టేది. అణియం మీద చెప్పులతో అడుగు పెట్టడమంటే మా వాళ్ళకి తల్లి గుండెల మీద తన్నినట్టే. మా పడవ మీద ఆ తప్పు ఎవరూ చేయలేదు, ఆ ఆఫీసరుతో సహా.

కొంటా సంతలో చేపలు అమ్ముతుండగా నన్ను చూసి ఇష్టపడ్డ మనిషికే నన్నిచ్చారు. రెండెకరాల వరి, ఒక పెంకుటిల్లు, నాలుగు ఎద్దులు, ఒక ఆడబిడ్డ. భర్త పోయాక పుట్టింటికొచ్చి ఉండిపోయిన ఆవిడ మా ఆయనకి అక్క, నాకు వదిన. ఇల్లంతా ఆవిడ చేతి కింద నడిచేది. ఎద్దులు కూడా ఆవిడ గొంతు వింటే మేత మానేసి చూసేవి.

కొత్తలో నేను ఆ ఇంట్లో ప్రతి గుమ్మం దగ్గరా తల వంచి దాటేదాన్ని. పదహారేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఎత్తయిన గుమ్మం కిందనుంచి కూడా వంగి వంగి వెళుతుంటే ఆవిడ వాకిట్లో కూర్చుని ఇరుగుపొరుగుని పిలిచి చూపించేది.

"చూడుండ్రి, మా పడవ పిల్ల. ఇది కోళ్ళ గూడనుకుంటాంది. ఏందే పిల్లా, తలెత్తి నడువ్, ఇల్లు మీద పడదులే."

అంట్లు తోమిన నీళ్ళు పడవ అంచు మీదనుంచి ఏట్లో కుమ్మరించడం అలవాటు నాకు. ఒకనాడు అలాగే కిటికీలోంచి కుమ్మరించాను. కిటికీ అవతల ఆవిడ ఆరబోసుకున్న ఇప్పపువ్వు ఉంది. ఆ మాట పక్కనున్న దోర్ల గిరిజనుల ఇళ్ళకీ, సంతకీ, మరైగూడ చుట్టాల దాకా వెళ్ళింది. నవ్వితే నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. దాన్ని నేను పగలో కలపలేదు.

కలిపింది వేరే. అమ్మ పోయాక నాన్న ఒక్కడే పడవలో కొన్నాళ్ళుండి, అతనూ పోయాడు. పడవ నాకు మిగిలింది. మా ఇంటి దిగువన రేవులో చింత వేరుకి కట్టి ఉంచాను. మధ్యాహ్నాలు వెళ్ళి గూట్లో కాసేపు పడుకుని వచ్చేదాన్ని. బాగుచేయించి మళ్ళీ నీళ్ళలో తిప్పాలని నా ఆశ. నేను కాన్పుకి భద్రాచలం ఆసుపత్రికి వెళ్ళి, బిడ్డతో నెల తర్వాత తిరిగొచ్చేసరికి రేవులో తాడు ఒక్కటే ఉంది.

వదిన పడవని విప్పించేసింది. పక్క చెక్కలు ఎద్దుల కొట్టానికి దడి అయ్యాయి. గూడు పొయ్యిలోకి పోయింది. అణియం చెక్క స్నానాల దొడ్డి ముందు మెట్టయింది. చెప్పుల బురద దానికి తుడిచి లోపలికి వెళ్ళేవారు.

"పాములు చేరుతన్నయ్ దాంట్ల," అంది. "బాలింతవు, నువ్వేం దిగుతవ్ రేవుకి? కట్టె పాడైపోతదని వాడిన."

మా ఆయన నేల చూశాడు. ఆయన అక్క ముందు ఎప్పుడూ నేలే చూస్తాడు. పడవలోనైతే ఆ సాయంత్రానికే ఇద్దరిలో ఎవరో ఒకరం ఇసుకలో కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఆవిడకొక గది, నాకొక గది, మధ్యలో వసారా. కోపాన్ని గదిలో పెట్టి తలుపేసుకున్నాను. అది అక్కడ హాయిగా పెరిగింది.

నాకు ఆవిడ చావు అక్కర్లేదు, ఆస్తి అక్కర్లేదు. ఒక్కటే కావాలి. ఆవిడ ఆ చెక్క ముందు తల వంచాలి. ఒక్కసారి చాలు. అది చూడకుండా నేను పోకూడదని ఒట్టేసుకున్నాను. నా కూతురు పెద్దదై, పెళ్ళై అత్తారింటికి వెళ్ళేదాకా ఆ చెక్క అక్కడే ఉంది. అన్నేళ్ళూ రోజుకి నాలుగుసార్లు దాని మీదనుంచి గెంతి వెళ్ళాను కానీ అడుగు పెట్టలేదు. ఆవిడ మాత్రం నేను చూస్తున్నప్పుడు కాస్త ఎక్కువసేపే చెప్పులు తుడిచేది.

గోదావరి బాగా పొంగితే శబరి ముందుకు పోలేక వెనక్కి తంతుంది. అప్పుడు కొంటాలో రోడ్లే రేవులు. ఆ ఏడు నీళ్ళు మా వాకిలి దాటి వసారాలోకి వచ్చాయి. మా ఆయన ఎద్దుల్ని తోలుకుని మెరక మీదున్న స్కూలుకి వెళ్ళాడు, వరద బాధితుల రాహత్ శివిర్ అక్కడే పెట్టారు. నన్నూ తీసుకెళ్ళాడు. వదిన రానంది. సర్కారు ఆవాస్ పథకం కింద కట్టిన స్లాబు గది పైకి బియ్యం డబ్బాతో ఎక్కి కూర్చుంది. మర్నాడు పొద్దునకి కిటికీలు మునిగాయి.

నా అదృష్టమో ఆవిడ దురదృష్టమో, సహాయానికి వచ్చిన ఇంజను పడవల్లో ఒకటి మా నాన్న తమ్ముడిది. బాబాయితో కలిసి నేనే బయల్దేరాను. దారి పొడుగునా నాకు లోపల పండగలా ఉంది. ఇన్నేళ్ళకి ఆవిడ మేడ మీద, నేను పడవలో.

స్లాబు అంచుకి పడవ ఆనించగానే తాడు నా చేతిలోనే పట్టుకున్నాను.

"వదినా, ఎక్కే ముందు అణియానికి తల వంచి దండం పెట్టు. మా చెక్కని తొక్కినందుకు."

ఆవిడ బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని నన్ను కింద నుంచి పైకి చూసింది.

"దీని కోసం వచ్చినవా? కట్టెకి నేను మొక్కుడేంది? పో, నేనీడనే ఉంట."

"అయితే ఉండు."

నీళ్ళు స్లాబుకి రెండు మూరల కింద ఉన్నాయి. నేను తాడు వదల్లేదు, ఆవిడ లేవలేదు. బాబాయి ఇంజను ఆపేశాడు.

"అమ్మాయ్, నువ్వు దిగు," అన్నాడు.

"నేనెందుకు దిగాలి బాబాయ్?"

"కోపం ఎవరికుంటే ఆళ్ళు దిగాలి. మీ నాన్న మాటే కదమ్మా అది. ఆవిడకేం కోపం లేదు, పొగరే. పొగరుకి పడవ తిరగబడదు. ఆవిణ్ణి దించేసొచ్చి నిన్ను తీసుకెళ్తాను."

నాన్న మాట అన్నాక నేనేం చేయను? దిగాను. ఆవిడ నా చేయి పట్టుకునే పడవలోకి దిగింది, అదీ చెప్పులతో, అణియం మీదే అడుగేసి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అంటారు, ఈవిడ ఎక్కుతూనే బోడి మల్లన్న చేసింది. పడవ మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. ఖాళీ స్లాబు మీద నేను నోటికొచ్చిన తిట్లన్నీ నాలుగు భాషల్లో తిట్టాను. హిందీ తిట్లు నీళ్ళ మీద బాగా వినపడతాయి.

తిట్లు అయిపోయాక కింద ఏదో గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. వంగి చూశాను. అణియం చెక్క. దొడ్డి మట్టి కరిగి, మేకులు ఊడి, పైకి తేలింది. అన్నేళ్ళు బురదలో ఉన్నా దానికి తేలడం గుర్తుంది. మునగ చెట్టు కొమ్మల్లో ఇరుక్కుని ఊగుతోంది. ఇంకాసేపైతే విడిపోయి శబరిలో కలిసేది. చీర కొంగు చించి ఉచ్చు ముడేసి విసిరాను. పడవలో పుట్టినదానికి ముడి ఒకరు నేర్పక్కర్లేదు. మూడోసారికి పడింది. పైకి లాగి, ఒళ్ళో పెట్టుకుని, బాబాయి వచ్చేదాకా ఏడ్చాను. సంతోషానికో కసికో నాకే తెలియలేదు.

వరద తీశాక వదినకి జ్వరమొచ్చి కొన్నాళ్ళు శివిర్‌లోనే ఉండిపోయింది. ఆ లోపల నేను ఇల్లు బాగుచేయించాను. ఆవిడ గది ద్వారబంధం నాని కుళ్ళిపోయింది. వడ్రంగిని పిలిచి, అణియం చెక్కని శుభ్రంగా కడిగి, పసుపు రాసి, ఆ గుమ్మానికి పైచెక్కగా బిగించమన్నాను. ఆవిడ ఎత్తు నాకు కొలవకుండానే తెలుసు. దానికి ఒక జానెడు కిందికి పెట్టించాను.

తిరిగొచ్చిన రోజు ఆవిడ తలెత్తుకుని గదిలోకి నడిచింది. ఠంగుమని తగిలింది. నుదురు రుద్దుకుంటూ పైకి చూసింది, పసుపు చూసింది, నన్ను చూసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్నాను.

"ఇది కోళ్ళ గూడు కాదు వదినా. చూసుకుని నడువు," అన్నాను.

ఆ రోజు నుంచి ఆవిడ రోజుకి పదిసార్లు ఆ చెక్క కింద తల వంచింది. నేను వసారాలో కూర్చుని లెక్కపెట్టకుండా చూశాను. అంత రుచిగా నేనెప్పుడూ అన్నం తినలేదు. పాపమని ఎవరైనా అంటే అననీ.

ఏళ్ళు గడిచాయి. ఈ మధ్య ఆవిడకి చేతకావడం లేదు. మూడు పూటలా నేనే గదిలోకి జావో గంజో పట్టుకెళుతున్నాను. మొన్న మధ్యాహ్నం గిన్నెతో ఆ చెక్క కింద వంగి లోపలికి వెళుతుంటే మంచం మీదనుంచి నవ్వు వినిపించింది.

"ఏంది వదినా?"

"ఏం లేదు. రోజూ మూడు పూటలు నాకు వొంగి వొంగి దండం పెడతన్నవ్, మంచిగుంది."

గిన్నె పెట్టి ఆవిడ వంక చూశాను. ఆవిడ గోడ పట్టుకుని లేచి, నాకు చూపించడానికే అన్నట్టు గుమ్మం దాకా నడిచింది. నడుం విల్లులా వంగిపోయింది. తల పైచెక్కకి జానెడు కిందనుంచి, దేనికీ దించకుండా, తాపీగా దాటి వెళ్ళింది. ఎప్పటినుంచి అలా వెళుతోందో నేను గమనించనే లేదు. అటువైపు నిలబడి వెనక్కి తిరిగింది.

"ఎన్నేండ్లాయె నేను దీనికి వొంగక," అంది.

ఆ రాత్రి అన్నం సహించలేదు. తెల్లారి వడ్రంగికి ఫోన్ చేశాను. వచ్చి గుమ్మం చూసి, మళ్ళీ చూసి, తల గోక్కున్నాడు.

"ఇంకో మూర కిందికంటే ఎట్టమ్మా? ముసలామె వొంగుద్దిలే గానీ, గిన్నె పట్టుకుని నువ్వెట్ట పోతవ్?"

"గూట్లోకి పాకినట్టే పాకుతాను," అన్నాను. "నువ్వు దించు."