రాజు వేషం అడిగిన దొర

చువాబాహ్ అనే కొండ ఊళ్లో ఎలీహియో త్సోక్‌ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. దొర అంటే చాలు. కాలిమగ్గం మీద లంగాల గుడ్డ నేసుకుని బతికే పొట్టి మనిషికి ఆ పేరు ఏటా తిరునాళ్లలో ఆడే, వెనకటి తెల్లవాళ్ల దండయాత్ర ఆట వల్ల వచ్చింది. పసుపుపచ్చ జుట్టు, గులాబీ బుగ్గలు ఉన్న కొయ్య ముఖం తగిలించుకుని, తెల్లదొరగా తమ కిచె జాతి రాజుని పొడిచి చంపడం ముప్పై ఒక్కేళ్లుగా అతని పని. ఊరి పిల్లలు అతని మీద నారింజ తొక్కలు విసిరేవారు. అతని పెళ్లాం కూడా రెండు విసిరేదంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

మొదటి ఆరేళ్లు రాజు వేషం అన్న ఫెర్మీన్‌ది. తమ్ముడి చేతిలో చచ్చి, చెక్కపెట్టెలో మైదానం చుట్టూ ఊరేగి, చర్చి మెట్ల దగ్గర లేచి కూర్చునేవాడు. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మొక్కజొన్న జావ తాగేవారు. ఏడో ఏడు లారీలో వచ్చిన సైనికులు ఫెర్మీన్‌ని పొలంలోంచి పట్టుకుపోయారు. మనిషీ తిరిగి రాలేదు, శవమూ రాలేదు. భార్య బర్తోలా అతని పేర కొవ్వొత్తి వెలిగించలేదు, శవం వెనక నడిచే ఆడవాళ్లలా తల మీద గుడ్డ కప్పుకోలేదు. పాతికేళ్లుగా పొయ్యి పక్కన అతని పీట వేసే ఉంచింది. పోయాడని ఎవరైనా అంటే, ఏదీ చూపించండి అనేది.

ఆ ఏడు ఎలీహియో, ఆట నేర్పే నికసియో గురువు దగ్గరికెళ్లి రాజు వేషం ఇమ్మన్నాడు. దొర మాటల్లో నానిన నోట రాజు మాటలు పలకవని గురువు నవ్వాడు.

"అయినా నీ పొట్ట చూసుకున్నావా? పెట్టె మోసేవాళ్ల నడుములు పడిపోతాయి."

"మాటలన్నీ వచ్చు గురువుగారూ. ఆరేళ్లు అన్నకి ఎదురుగా నిలబడి విన్నాను గదా. మా వదినకి ఒక్కసారి పెట్టె చూపించాలండీ."

గురువు నవ్వు ఆగిపోయింది. కొయ్య ముఖాలకి ధూపం వేస్తూ, బర్తోలాకి చెప్పావా అని అడిగాడు. చెప్పలేదు. చెబితే ఆమె ఆటకే రాదు. చెప్పకుండా చేస్తే జన్మలో గడప తొక్కనివ్వదేమో. ఆ దిగులుతో నెలంతా ఎలీహియో మగ్గం మీద పోగులు తెంపుకుంటూనే ఉన్నాడు.

తిరునాళ్ల రోజు కొత్త దొర కత్తి ఎత్తాడు. ఎలీహియో అన్న పడినట్టే పడ్డాడు, ముందు ఎడమ మోకాలు వంచి, తర్వాత పక్కకి ఒరిగి. కొయ్య ముఖం కన్నాల్లోంచి చూస్తే, బర్తోలా నారింజ ఒలవడం ఆపేసి నిలబడి ఉంది. ఆపైన మూత పడింది.

పెట్టె మైదానం చుట్టి వచ్చి చర్చి మెట్ల దగ్గర ఆగింది. రాజుని లేపడానికి గురువు మూత తట్టబోయాడు.

"లేపకండి," అంది బర్తోలా. "మా ఇంటి మీదుగా తీసుకెళ్లండి. సొంత గుమ్మం చూపించకుండా ఎవర్నీ సాగనంపరు గదా."

ఆట ఎన్నడూ మైదానం దాటింది లేదు. అయినా గురువు తలూపాడు. మోసేవాళ్లు బరువని గొణగకుండా మళ్లీ భుజానికెత్తుకున్నారు. చెక్కల సందులోంచి ఎలీహియోకి వదిన కనిపించింది, తల మీద గుడ్డ కప్పుకుని. అతను కదలకుండా ఏడ్చాడు.

గుమ్మం ముందు పెట్టె దించాక బర్తోలా లోపలికెళ్లి కొవ్వొత్తి తెచ్చి వెలిగించింది. అది సగం కాలేదాకా పెట్టె పక్కనే కూర్చుంది. అప్పుడు తనే మూత తీసింది.

"ఇంక లే మరిదీ. మీ అన్న వెళ్లిపోయాడు. జావ తాగుదువుగాని, రా."

ఆ పూట ఎలీహియో పొయ్యి పక్కన, అన్న పీట మీదే కూర్చుని జావ తాగాడు.