పోయాక ప్రమాణం చేసిన అధ్యక్షుడు

మనిషి పరువు తీయడానికి శత్రువులు అక్కర్లేదు, సొంత పుస్తకం ఒక్కటి చాలు. నా పరువు అవనిగడ్డలో, నిండు సభలో, మెడలో పూలదండ ఉండగానే పోయింది. ఎలాగో చెబుతాను, కడుపుబ్బా నవ్వుకోండి.

పందొమ్మిది వందల యాభైల నాటి మాట. బి.ఏ. పాసై బందరులో గాలికి తిరుగుతూ, ఓ చిన్న ప్రచురణకర్త కోసం అమెరికా అధ్యక్షుల చరిత్ర కూర్చాను. రాయలేదండోయ్, కూర్చాను! రెండు ఇంగ్లీషు పుస్తకాలు ముందేసుకుని, ఇందులోంచి ఓ పేజీ, అందులోంచి ఓ పేజీ తెలుగు చేసి అతికించాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అమెరికా సొమ్ము ఆంధ్రులకు దానం చేశాను. అచ్చయ్యాక ఒక్కసారైనా చదివానా? వండినవాడే తినాలని రూలుందా అనుకునే రకం ఆ వెధవ. నేనే లెండి.

అట్ట మీద పేరు చూసి అవనిగడ్డ వాళ్లు సన్మానానికి పిలిచారు. అక్కడి కొత్త గ్రంథాలయానికి లైబ్రేరియన్ కావాలి. సభ బాగా జరిగితే ఆ ఉద్యోగం నాకేనని కమిటీ ప్రెసిడెంటు కబురంపారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. అప్పటికి మా నాన్న నాతో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఆ ఉద్యోగంతో తలెత్తుకుని ఇంటికెళ్లాలని నా తాపత్రయం.

దండ పడింది. అమెరికా మా పెరడే అన్నంత ధీమాగా ఉపన్యాసం దంచాను. చప్పట్లు ఆగాక హెడ్మాస్టరుగారు కళ్లజోడు సవరించుకుని నా పుస్తకం తెరిచారు.

"బాబూ, చిన్న సందేహం. ఈ అధ్యక్షుడు ఈ పేజీలో కాలం చేశాడు. దేశమంతా ఏడ్చింది. పేజీ తిప్పితే ప్రమాణ స్వీకారం చేస్తున్నాడు. ఎట్టా?"

పొరపాటండీ అంటే సరిపోయేది. అంటానా?

"ఈయన ఆయన కొడుకండీ! అక్కడ తండ్రి పేరే కొడుక్కీ పెడతారు."

"ఓహో. మరి పక్కన నిలబడ్డ భార్య? ఆవిడ పేరూ ముందు పేజీలో పోయినాయన భార్య పేరే ఉందే?"

"ఆవిడేనండీ," అన్నాను, తెలివి ఉపన్యాసంలోనే ఖర్చయిపోయి.

"అంటే... తండ్రి భార్యని కొడుకు..."

"రామ రామ!" ఆడవాళ్ల వైపు నుంచి ఓ ముసలావిడ లేచింది. "ఇదేం పాడు పుస్తకమమ్మా! పదవే!" అంటూ మనవరాలి చెవులు మూసి లాక్కుపోయింది.

"అమెరికాలో అది తప్పు కాదండీ!" అని అరిచాను. నా పరువుతో పాటు ఓ దేశం పరువు కూడా తీశాను.

సభ ఖాళీ అయింది. సిగ్గు విడిచి అడిగాను, "మాస్టారూ, మరి ఉద్యోగం?"

"పోయినవాడికి పదవి ఇవ్వడం అమెరికాలో ఉందేమో గానీ బాబూ, మా అవనిగడ్డలో లేదు. త్వరగా వెళ్లు, బందరు బస్సు వచ్చే వేళైంది."

కృష్ణమ్మ సాక్షిగా ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నా పుస్తకంలో ఎవడైనా చచ్చాడా, ఆఖరి పేజీ దాకా చచ్చినట్టు పడి ఉండాల్సిందే!