ఐదుగురు జాన్ మెయిర్‌లు

సముద్రంలో పోయినవాళ్ళ గుర్తుగా రేవు మొదట్లో నిలబెట్టబోయే రాతిమీద చెక్కే పేర్ల జాబితాను చర్చి తలుపుకి అంటించారని చెవిన పడగానే, ఎల్స్‌పెత్ మెయిర్ పొయ్యిమీద పాలల్లో ఉడుకుతున్న పొగబెట్టిన చేపను దించేసి బయల్దేరింది. డెబ్భై ఒకటో ఏట ఆ చర్చి మెట్లన్నీ ఎక్కేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. కళ్ళజోడు తుడుచుకుని చదివింది. జాన్ మెయిర్. దాని కింద జాన్ మెయిర్. ఆ కింద మళ్ళీ జాన్ మెయిర్. కళ్ళజోడు తీసి మళ్ళీ తుడిచింది. ఐదు వరసలు, ఐదుగురు జాన్ మెయిర్‌లు. అందులో ఒకడు ఆమె మొగుడు.

“వీళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది,” అంది పైకే.

జాలర్ల ఊరు పోర్ట్‌క్రెయిగ్‌లో రెండొందల గడపలుంటే సగానికి పైగా మెయిర్‌లే. పోనీ ముందు పేర్లయినా వేరుగా పెట్టుకుంటారా అంటే, తాత పేరు కాదని మగపిల్లాడికి కొత్త పేరు పెడితే ఆ తాత సముద్రం అడుగునుంచి లేచొచ్చి తంతాడని వాళ్ళ భయం. జాన్, జేమ్స్, అలెగ్జాండర్ దాటి ఎవరూ పోలేదు. అందుకని అక్కడ ప్రతి ఇంటికీ అసలు పేరు మీద ఒక కొసరు పేరు ఉంటుంది. సూది జాన్ అంటే ఎవరో, పిల్లి జాన్ అంటే ఎవరో పసిపిల్లవాడు కూడా చెబుతాడు. ఆ కొసరు పేర్లు ఉత్తరాలమీద, ఓటర్ల జాబితాలో కూడా ఉండేవి.

ఎల్స్‌పెత్ మొగుడు జావ జాన్. అతని తాత ఒకరోజు ఓట్స్ జావ గిన్నె ఖాళీ అయ్యేదాకా బల్ల దగ్గరనుంచి లేవనని కూర్చుంటే, పడవలో మిగతా వాళ్ళంతా పోటు దాటిపోతోందని గోలపెట్టారట. ఆ జావ మూడు తరాలకి అంటుకుంది. ఎల్స్‌పెత్ పుట్టిల్లూ మెయిర్‌లే, మెట్టినిల్లూ మెయిర్‌లే. పదిహేనో ఏటినుంచి వేళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకుని, పడవల వెంట ఊరూరా తిరిగి, నిమిషానికి నలభై చేపల చొప్పున పొట్టలు చీరిన మనిషి. పెళ్ళయ్యాక ఆమెకి ఇంటిపేరు మారలేదు. సూది ఎల్సీ కాస్తా జావ ఎల్సీ అయింది, అంతే.

1929 ఫిబ్రవరిలో జాన్ వెళ్ళిన పడవ చెక్కలుగా ఒడ్డుకొచ్చింది. మనుషులు రాలేదు. అప్పుడు కొడుకు శాండీకి నాలుగేళ్ళు. ఇప్పటికి ముప్పై రెండేళ్ళుగా ఆమె ఆదివారం ఆదివారం చర్చి తోటలో ఎవరెవరి సమాధులమీదో ఎవరెవరి పూలో చూసి ఇంటికొస్తోంది. ఆమెకి పెద్ద కోరికలేమీ లేవు. చెయ్యి ఆనించి, ఇదిగో నా మనిషి ఇక్కడున్నాడు అనుకోవడానికి జానెడు చోటు కావాలి. రాయి నిలబెడతారని విన్న రోజు కొత్త టోపీ కూడా కొనుక్కుంది.

చర్చి మెట్లు దిగి నేరుగా పాస్టరు ఇంటికి వెళ్ళింది. రెవరెండ్ డాల్‌రింపుల్ ఎడింబరో నుంచి వచ్చి రెండేళ్ళయింది. మంచివాడే. అదే వచ్చిన చిక్కు, గట్టిగా తిట్టడానికి వీలుండదు.

“తేదీలూ, పడవల పేర్లూ పెడితే రాయి చాలదమ్మా. అందుకని ఉత్త పేర్లు చాలనుకున్నాం,” అన్నాడాయన టీ పోస్తూ.

“కొసరు పేరు ఒక్కటీ చెక్కించండి అయ్యగారూ. జావ అంటే ఎంత, రెండక్షరాలు.”

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వాడు. “మెయిర్ అంటే ఏమిటో మీకు తెలుసా?”

“మా ఇంటిపేరండీ.”

“ఇక్కడి పాత భాష, గేలిక్ మాట అది. పూర్వం ప్రభువుల తరఫున సమన్లు అందించి, బకాయిలు రాబట్టే అధికారిని అలా అనేవారు. కొన్ని వందల ఏళ్ళనాటి గౌరవమైన పేరమ్మా. దాని పక్కన జావ అనీ పిల్లి అనీ చెక్కమంటారా?”

“అంటే అమీనా అన్నమాట. అమీనా గుమ్మంలోకొస్తే జావ పోసే దిక్కు కూడా ఉండదు అయ్యగారూ. ఆ గౌరవం మాకెందుకు?”

“ఎవరు ఎవరో దేవుడికి తెలుసు కదా.”

“దేవుడికి రాయెందుకండీ? రాయి మాకు.”

ఆయన టీ కప్పు ఆమె ముందుకి జరిపాడు. కానీ మాట మార్చలేదు. బుధవారం సాయంత్రం అందరి ముందూ పెడదాం, ఎక్కువమంది ఎటంటే అటు అన్నాడు.

ఎల్స్‌పెత్ ఆ నాలుగు రోజులూ ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ టీ, ఓట్స్ రొట్టె, కన్నీళ్ళు, మాట ఇవ్వడం. జాబితాలో ఉన్న మరో జాన్, పిల్లి జాన్ పెళ్ళాం కిర్స్టీ అయితే చేతులు పట్టుకుంది.

“నీ మాటే నా మాట ఎల్సీ. మా ఆయన్ని పిల్లి అనకపోతే నాకే ఆనవాలు తెలీదు. చెయ్యెత్తమంటే రెండూ ఎత్తుతాను.”

బుధవారం చర్చి హాలు నిండిపోయింది. కొసరు పేర్లు కావాలనేవాళ్ళు చేతులెత్తండి అన్నారు. ఎల్స్‌పెత్ చెయ్యి అంతెత్తున లేచింది. కిర్స్టీ చెయ్యి సగం దాకా లేచి, టోపీ సర్దుకుని కిందికి దిగిపోయింది. ఆమె కూతురి అత్తవారు ఆబర్డీన్ నుంచి ఆవిష్కరణకి వస్తున్నారట. రొట్టెలు పెట్టి మాటిచ్చిన వాళ్ళంతా నేలచూపులు చూశారు. ఉత్త పేర్లు చాలనేవాళ్ళు ఎత్తండి అనగానే హాలంతా చేతులే. గోడవారగా నిలబడ్డ ఒక పొడుగాటి మనిషి చెయ్యి కూడా లేచింది. అది శాండీది.

కంచే చేను మేస్తే ఇంక ఎవరికి చెప్పుకోవాలి? ఎల్స్‌పెత్‌కి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఇంటిదారిలో వాణ్ణి ఆపింది.

“ఏరా, మీ నాన్నకి నువ్వే అడ్డం పడ్డావా?”

“నేను బళ్ళో పాఠం చెప్పుకునేవాణ్ణమ్మా. బోర్డు వైపు తిరిగితే చాలు, వెనక పిల్లలు చెంచాతో గిన్నె మోగిస్తారు. జావ మాస్టారట. ఇప్పుడు దాన్ని రాతిమీద కూడా చెక్కించమంటావా?”

“మోగించనీ! మీ నాన్న పడవెక్కుతుంటే రేవంతా మోగించేది. నవ్వేవాడు.”

“ఆ నవ్వు నాకు గుర్తులేదమ్మా,” అన్నాడు శాండీ.

ఎల్స్‌పెత్ మర్నాడు బస్సెక్కి రాయి చెక్కే అతని దగ్గరికి వెళ్ళింది. “కమిటీ రాసిచ్చిందే చెక్కుతాను పెద్దమ్మా, నా చేతిలో ఏముంది?” అన్నాడతను. కౌంటీ ఆఫీసుకి ఉత్తరం రాసింది. మీ ఉత్తరం అందింది అని జవాబొచ్చింది. అంతకు మించి అందులో ఒక్క ముక్క లేదు. తిట్టుకుంటూ దాన్ని పొయ్యిలో పడేసింది.

జూన్‌లో ఆవిష్కరణ. నల్లరాయి నున్నగా మెరుస్తోంది. పాస్టరు ఒక్కో పేరూ చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు ముందుకొచ్చి పూలచక్రం పెట్టి వెళ్తున్నారు. జేమ్స్‌లు ముగ్గురే కాబట్టి జాన్‌ల వంతు ఆట్టే ఆలస్యం కాదని ఎల్స్‌పెత్ మనసులో లెక్కేసుకుంది. అలెగ్జాండర్‌లూ జేమ్స్‌లూ అయిపోయారు.

“జాన్ మెయిర్.”

ఐదు కుటుంబాలు ఒక్కసారే అడుగు ముందుకేశాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఆగాయి. మర్యాదకి ఐదూ వెనక్కి తగ్గాయి. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి.

“జాన్ మెయిర్,” అన్నాడు మళ్ళీ. ఈసారి ఎవరూ కదల్లేదు. కిర్స్టీ పూలచక్రాన్ని గుండెలకి హత్తుకుని, ఆబర్డీన్ వియ్యాలవారి వైపు చూడలేక, రాయి వైపూ చూడలేక నిలబడింది. పిల్లి జాన్ అని ఒక్క మాట అనుంటే ఆమె పరిగెత్తుకెళ్ళేది. పాస్టరుకి ఆ పేర్లన్నీ తెలుసు. ఆయన నోరు తెరిచాడు, మూశాడు, “మీలో మీరు సర్దుకోండమ్మా,” అని జాన్‌లందర్నీ దాటేసి తర్వాతి పేరుకి వెళ్ళిపోయాడు.

అంతా అయ్యాక జనం టీ కోసం హాలుకి వెళ్ళారు. శాండీ పూలచక్రం పట్టుకుని ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ ఐదు వరసలూ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. బళ్ళో పిల్లలకి చదువు చెప్పే మనిషి.

“అమ్మా,” అన్నాడు చిన్నగా. “నాన్న ఏ వరసలో ఉన్నాడు?”

ఎల్స్‌పెత్ చేతితొడుగు తీసింది. మొదటి జాన్ మీద చెయ్యి పెట్టింది. తర్వాత రెండోవాడి మీద, మూడోవాడి మీద, అలా ఆఖరివాడి దాకా. అన్నీ ఒకేలా చల్లగా ఉన్నాయి.

“నాకేం తెలుసురా,” అంది. “ఇన్నాళ్ళూ ఒక్కడికే ఏడ్చాను. రేపట్నించి ఐదుగురికీ ఏడవాలి.”