మొదటి దెబ్బ సాధువుగారిది

ఇప్పుడైతే ఏ సందేహం వచ్చినా జేబులోంచి ఫోను తీసి చూసుకుంటున్నాం గానీ, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో మనిషికి సందేహం వస్తే పక్కవాడితో వాదించడం తప్ప వేరే దారి ఉండేది కాదు. అందులోనూ ప్రగతి నగర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఆఫీసు సుమోలో పోయేవాళ్ళకి వాదించుకోవడానికి కావలసినంత ట్రాఫిక్కు ఉండేది. నేను అప్పుడే ఉద్యోగంలో చేరాను. మాది గుంటూరు పక్కన; నాన్న చర్చి బడిలో మాస్టారు. సుమోలో నా చోటు వెనక సీట్లో ఇద్దరు సీనియర్ల మధ్య, అంటే సరిగ్గా వాదన నడిచే దారిలో.

ఎడమ పక్క సాధువుగారు. ఆ పేరు మేం పెట్టిందే. ఆఫీసులో దోమ కనబడితే దాన్ని నలగకుండా కాగితం గ్లాసులో పట్టి బయట వదిలిపెట్టే మనిషి (మా అద్దాల మేడకి కిటికీలు తెరుచుకోవు, అందుకని దోమతో పాటు లిఫ్టు దిగేవారు). మనిషి పుట్టుకతో శాంతమూర్తి అనీ, హింస అనేది తర్వాత లోకం అంటించే మురికి అనీ ఆయన సిద్ధాంతం. కుడి పక్క చింపాంజీ గారు. ఇది మాత్రం వెనకాల పిలిచే పేరు. చింపాంజీలు గుంపులు కట్టి పక్క గుంపు మీద పడి కొట్టుకుంటాయని ఎక్కడో చదివి, మనం వాటికి దాయాదులం కాబట్టి హింస మన రక్తంలోనే ఉందని రోజూ చెప్పేవారు. నేను ఎవరు చివర మాట్లాడితే వారితో ఏకీభవించేవాణ్ణి. దిగేసరికి మనిషి దేవుడో మృగమో అన్నది ఆ రోజు ట్రాఫిక్కుని బట్టి ఉండేది.

ఒక బంద్ రోజున, క్లయింటుకి బంద్ అంటే ఏమిటో తెలీదు కాబట్టి మీరు రావలసిందేనని మేనేజరు కబురు పెట్టాడు. మా డ్రైవరన్నది మహబూబ్‌నగర్ జిల్లా. బండి ఎక్కుతుండగానే మాకు జాగ్రత్త చెప్పాడు.

"సార్, తొవ్వల ఎవరన్న ఆపితే జర సప్పుడు చేయకుండ్రి. మీరు 'అండి' అన్నరంటే మీది ఏ జిల్లనో తెల్సిపోతది."

దాంతో ఎప్పుడూ లేనిది సుమోలో నిశ్శబ్దం. శేరిలింగంపల్లి దాటుతుండగా అనుకున్నంతా అయింది. రోడ్డుకి అడ్డంగా జనం, కొందరి చేతుల్లో కర్రలు, ముందు ఒక బస్సు, దాని అద్దం పగిలి రోడ్డంతా గాజు పెంకులు. గడ్డం పెంచుకున్న ఒకాయన (ఆయనే అక్కడ పెద్ద) కిటికీలోంచి తొంగి చూసి, అందరూ బందు పెడితే మీరు ఆఫీసుకెందుకు పోతున్నారని అడిగి, దిగమన్నాడు. దిగాం. కొట్టడానికి దింపారనుకున్నాను. తీరా చూస్తే అన్నం పెట్టడానికి. రోడ్డు మీదే పొయ్యిలు రాజేసి వంట చేస్తున్నారు; అదీ ఒక నిరసనే. ఒక పెద్దమ్మ పెద్ద గిన్నెలో పప్పుచారు కలుపుతూ మమ్మల్ని వరసలో కూర్చోమంది.

భయం తగ్గితే మనిషికి మళ్ళీ వాదన గుర్తొస్తుంది. చింపాంజీ గారు పగిలిన అద్దం వైపు కళ్ళతోనే చూపించి, ఇంతకన్నా ఏం రుజువు కావాలని గొణిగారు. సాధువుగారు, అది స్వభావం కాదు, ఏళ్ళ తరబడి లోపల దాచుకున్న బాధ అని గొణిగారు. గొణుగుడు గుసగుస అయింది, గుసగుస మాట అయింది. నేను మధ్యలో కూర్చుని, డ్రైవరన్న చెప్పింది గుర్తు చేస్తూ ఇద్దరి మోకాళ్ళూ నొక్కుతున్నాను.

"మీ శాంతం శాంతం కాదండి, పిరికితనం. దమ్ము లేక దోమల్ని మోస్తున్నారు," అన్నారు చింపాంజీ గారు.

సాధువుగారి చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియదనుకుంటాను. చింపాంజీ గారి కళ్ళజోడు పోయి బియ్యం బస్తా మీద పడింది. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకుని, పక్కా గోదావరి యాసలో తిట్టుకుంటూ లేచారు. నేను విడదీయబోతే నా చెంప మీద ఒకటి పడింది. ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపించమని నాన్న చిన్నప్పుడే నేర్పారు. నేను చూపించక ముందే దాని మీదా పడింది. ఇంతలో కర్రలు పట్టుకున్నవాళ్ళంతా కర్రలు కింద పడేసి పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ చెరో పక్కకి లాగారు.

గడ్డమాయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, యాస ఒకటే అయినా, ఇంతలా కొట్టుకుంటున్నారంటే ఒకరిది తెలంగాణ, ఒకరిది ఆంధ్ర అయి ఉంటుందనుకున్నట్టుంది, ఎవరిది ఏ ఊరని నెమ్మదిగా అడిగాడు.

"ఇద్దరిదీ భీమవరమండి," అన్నాను. ఇక దాచడానికి ఏం మిగిలింది గనక.

"మరి మీకు మీకే ఏం లొల్లి?"

మనిషి స్వభావంలోనే హింస ఉందా లేదా అని వాదించుకున్నారని చెప్పాను. నవ్వాలో వద్దో చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. పెద్దమ్మ మాత్రం గరిటె పక్కన పెట్టి, "గింత సదువుకున్నరు, ఆకలైతున్నట్టుంది బిడ్డా, కూసోండ్రి," అంది.

సాధువుగారికి కనుబొమ్మ దగ్గర చీరుకుని రక్తం కారుతోంది. నా వయసువాడే ఒకడు నీళ్ళు తెచ్చి, చంటిపిల్లకి కడిగినట్టు మెల్లగా కడిగి, తన దస్తీ చింపి కట్టు కట్టాడు. బస్సు అద్దం మీద రాయి వేసింది ఇతనేనని, అక్కడివాళ్ళతో మాటలు కలిపి తెలుసుకున్న డ్రైవరన్న నా చెవిలో చెప్పాడు. నాకు అంతా కలగాపులగం అయిపోయింది. ఉండబట్టలేక ఎందుకు వేశావని అడిగేశాను.

అతను చాలాసేపు ఆలోచించాడు. "ఏమో అన్నా. పొద్దుగాల ఇంట్లకెల్లి ఎల్లినప్పుడు అనుకోలే."

"మరి ఈ కట్టు?"

"రక్తం కారుతుంది గద," అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

అన్నం తిన్నాం. పప్పుచారు బ్రహ్మాండంగా ఉంది. సీనియర్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకరి తర్వాత ఒకరు మారు వడ్డించుకున్నారు. గడ్డమాయన మా బండిని వెనక్కి తిప్పించి, గల్లీల్లోంచి ఎలా పోవాలో డ్రైవరన్నకి దారి చెప్పి పంపాడు.

వారం పాటు సుమోలో మాటల్లేవు. తర్వాత ఒక ఉదయం సాధువుగారే మొదలుపెట్టారు: హింస రక్తంలోనే ఉందండి, నా చెయ్యే సాక్ష్యం అన్నారు. కాదండి అన్నారు చింపాంజీ గారు. కర్రలు పట్టుకున్నవాళ్ళు వాటిని పడేసి మనల్ని విడదీశారంటే శాంతమే సహజం అన్నారు. గట్లు మార్చుకున్నారే గానీ గొంతులు తగ్గలేదు. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగి నువ్వేమంటావని అడిగారు. ఇద్దరూ చెప్పింది నిజమే అనిపిస్తోందండి అన్నాను. అలా కుదరదని ఇద్దరూ ఏకకంఠంతో కసిరారు. నాకు తెలిసి వాళ్ళిద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

వాళ్ళ మధ్య కూర్చున్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, సిగ్గుపడి, ఆఫీసు వచ్చేదాకా తల ఎత్తలేదు. ఇన్నేళ్ళు గడిచినా అంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు. ఆ సంగతి పాపం వాడికి అప్పుడే తెలిసి ఉంటే, అదే మాట ఇంకాస్త గట్టిగా అని ఉండేవాడు.