సొంత గోడకు మొదటి చిల్లు

ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదికీ గోడలంటే భయం. నవ్వకండి. నాన్న ఉద్యోగమంతా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనే గడిచింది, నేను పుట్టి పెరిగిందీ వాటిలోనే. గోడకు మేకు కొడితే ఇన్‌స్పెక్టరు వచ్చి పట్టుకుంటాడన్న సంగతి నాకు ఉగ్గుపాలతోనే వంటబట్టింది. (ఆ ఇన్‌స్పెక్టర్ని మేమెవరమూ చూడలేదు. దేవుణ్ణి మాత్రం ఎవరు చూశారు?) క్యాలెండరు కూడా కిటికీ ఊచకే వేలాడేది. నాన్న రిటైరై ఆ ఊళ్ళోనే తెలిపారా పేటలో సొంత ఇల్లు కట్టుకుంటే, ఆ భయం కూడా సామాన్లతోపాటు లారీ ఎక్కి వచ్చేసింది.

కొత్త వంటింట్లో గట్టు పైన అల్మారాలు ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రి పెట్టేశాడు. అతను బిగించిన ట్యూబులైటేమో అమ్మ వెనకాల గోడకి. కూర తరిగే చోట సరిగ్గా ఆవిడ నీడే పడేది. ఒకరోజు బెండకాయలతోపాటు వేలూ తెగి కుట్లు పడ్డాయి. "ఇంకోపాలి తెగితే ఏలే ఊడొస్తాది" అని అమ్మ తేలిగ్గా అనేసింది గానీ నాకు మాత్రం కత్తి చప్పుడు వింటే చాలు, వంటింట్లోకి తొంగి చూసేదాన్ని. అల్మారా అడుగున లైటు పెట్టాల్సిందే. కొత్తగా ఉద్యోగంలో చేరినదాన్ని, అన్నీ తెలిసినదానిలా నాన్నను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు బ్యాటరీతో వెలిగే గుండ్రటి లైటూ, గోడకు చిల్లు వేసి వైరు లాగి బిగించే పొడుగాటి లైటూ చూపించాడు. తెలుపా, పసుపా అన్నాడు. నాన్నకు ఆ రంగుల గొడవే లేదు. తీసేస్తే మచ్చ పడుతుందా అన్నదొక్కటే ఆయన ప్రశ్న. "క్యా అంకల్, కిరాయే కా మకాన్ హై?" అన్నాడతను, అద్దిల్లేమో అనుకుని. నాన్న అటూ ఇటూ చూసి, దొంగసొమ్ము సంగతి చెప్తున్నట్టు గొంతు తగ్గించి, "అప్‌నా హీ హై" అంటూ సొంతిల్లేనని ఒప్పుకున్నారు. చివరికి జిగురుతో అంటించే బ్యాటరీదే కొన్నాం.

రెండు పూటలు కూడా నిలవలేదది. ఆవిరికి జిగురు వదిలి, మరుగుతున్న చారులో పడింది. అమ్మ కేక విని, వేలే పోయిందనుకుని ఇద్దరం పరిగెత్తాం. వేలు భద్రమే, కత్తీ చేతిలోనే ఉంది. "ఏటండీ, నా ఏలు కావాలా, మీ గోడ కావాలా?" అంది.

మర్నాడే తెల్లటి పొడుగు లైటు తెచ్చాం. నాన్న పక్కింటివాళ్ళ డ్రిల్లు అడిగి తెచ్చారు. "అమ్మడూ, నువ్వు గేటు కాడ నిల్చో. ఎవులైనా వస్తే చెప్పు" అన్నారు. జీతం తెచ్చుకునే మనిషిని, మా సొంత గేటుకి నేనే కాపలా! ఒక చిల్లు పడిందో లేదో, ఖాకీ చొక్కావాడొకడు గేటు తోసుకుని వచ్చాడు. "నాన్నా, ఆపీ!" అని అరిచాను. డ్రిల్లు ఆగిపోయింది. తీరా చూస్తే కరెంటు మీటరు చూసే మనిషి. అమ్మే బయటికొచ్చి అతనికి మీటరు చూపించి, తలుపు చాటున నక్కిన నాన్నను పట్టుకుంది. "మన ఇల్లండీ ఇది! ఎవులికి భయం? కానీండి."

లైటు వెలిగింది. ఆ వెలుగులో అమ్మ వేలి మీది కుట్లు ఒక్కొక్కటీ కనబడ్డాయి. నాన్న వాటినే చూస్తూ, "ఇన్నాళ్ళూ నిన్ను చీకట్లో ఉంచేసేనే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ వింటేనా! కింద పడ్డ సిమెంటు పొడిని చీర చెంగుతో గబగబా తుడిచేస్తోంది. "బేగి తుడవండి, ఎవులైనా చూస్తే!"

ఇప్పుడు నాకూ సొంత ఫ్లాటుంది. మొన్న వడ్రంగి వచ్చి డ్రిల్లు తీశాడు. గేటు దగ్గర కాపలా కాసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చాను.